ఉన్నంతలో దేయధర్మం: ఆంధ్ర స్తూప శాసనాలలో చిన్న దాతలు

అమరావతి మహాచైత్యపు శిల్పఫలకాలలో పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద చిన్న ప్రాకృత శాసనం ఉంది. దాత పేరు విధికుడు. వృత్తి చర్మకారుడు. తండ్రి పేరు నాగుడు. శాసనం ఆయనను ఉపాధ్యాయుడని పేర్కొంటుంది. అయితే ఆ పలకను ఇచ్చినవాడు విధికుడు ఒక్కడే కాదు. తల్లి, భార్య, సోదరులు, కుమారుడు నాగుడు, కుమార్తెలు, జ్ఞాతులు, మిత్రులు, బంధువులు అందరూ ఆ దానంలో భాగస్థులని శాసనం చెబుతుంది. ఇచ్చినదాన్ని 'దేయధమ' అంటుంది, అనగా దేయధర్మం, ఇవ్వదగిన ధర్మం. తన కొడుకుకు తండ్రి పేరు పెట్టుకున్న ఒక చర్మకారుడు ఇంటిల్లిపాదినీ కలుపుకొని ఒక్క పలక ఇచ్చాడు. ఈ శాసనం నుంచి నిశ్చయంగా తెలిసేది ఇంతే. అయినా ధాన్యకటక చరిత్రలో రాజుల పేర్లకంటె ఈ పేరునే పరిశోధకులు తరచుగా ఉదాహరిస్తారు.

ఈ శాసనాన్ని ఉదాహరించే తీరులో ఒక తొందరపాటు కనిపిస్తుంది. చర్మకారుడు గనుక నిరుపేద అని, నిరుపేద అయినా స్తూపానికి శిల్పం చేయించాడని, కాబట్టి బౌద్ధం పేదల మతమని మూడడుగులలో తేల్చివేయడం పరిపాటి అయింది. పలనాటి సున్నపురాతిని గని నుంచి తీయించి, తెప్పించి, శిల్పి చేత పూర్ణఘటం చెక్కించి, అక్షరాలు వేయించినవానిని నిరుపేద అనడం కష్టం. తండ్రికి ఉపాధ్యాయ పదం ఎలా చేరిందన్నది వేరే చర్చ. అది భిక్షుసంఘంలోని పదవి కావచ్చు, విద్య చెప్పే వృత్తి కావచ్చు. ఏమైనా ఆ కుటుంబం పూటకు లేని కుటుంబం కాదు. కాని మరొక సంగతి కూడా అంతే స్పష్టం. తోరణం, మండపం, ఆయకవేదిక ఇవ్వగలిగిన స్తోమత వారికి లేదు. ఒక పలక ఇవ్వగలిగారు, అదైనా పదిమందిని కలుపుకొని. పరిశీలించవలసినది ఈ మధ్యస్థితినే. సంపన్నులు కానివారు, పరిమితులు కలవారు మహాచైత్యమంతటి నిర్మాణంలో చోటు ఎలా సంపాదించారన్నది ప్రశ్న.

దీనికి జవాబులో సగం రాతి నిర్మాణంలోనే ఉంది. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారాన్ని శాసనాలు వేదిక అంటాయి. అందులో నిలువు స్తంభాలు, ప్రతి రెండు స్తంభాల నడుమ మూడేసి అడ్డకమ్ములు, పైన వరుసగా కప్పురాళ్ళు. అడ్డకమ్మిని సూచి అంటారు, కప్పురాతిని ఉష్ణీషం అంటారు. ప్రాకృతంలో అవే 'సుచి', 'ఉనిస'. వీటి ఉపయోగం తెలియాలంటే అమరావతి శాసనాలను వరుసగా చదవాలి. ఒకరి దానం ఒక స్తంభం, మరొకరిది ఒక సూచి, ఇంకొకరిది ఉష్ణీషంలో ఒక భాగం, వేరొకరిది బుద్ధపాదాలు చెక్కిన పలక, కొందరిది దీపస్తంభం. ఒక మహానిర్మాణాన్ని ఇన్ని అంశాలుగా విడదీసి, ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క దాతను కుదిర్చారన్నమాట. వేదిక మొత్తం ఇవ్వడం ఏ గృహపతికీ సాధ్యం కాదు. సూచి ఒక్కటి ఇవ్వడం గంధద్రవ్యాల వర్తకునికి సాధ్యమే, గృహపతి భార్యకు సాధ్యమే, భిక్షుణికి కూడా సాధ్యమే.

ఈ విభజనను నడిపినవాడు నవకమ్మికుడు, అనగా కొత్త కట్టడాల పని చూసే భిక్షువు. శాసనాలలో ఈ పదవి తరచుగా వస్తుంది. నాగార్జునకొండ మహాచైత్యాన్ని పూర్తి చేయించిన ఆనందుడు అట్టివాడే. దీఘనికాయ, మజ్ఝిమనికాయాలు కంఠస్థమైన పండితుడని శాసనం ఆయనను కీర్తిస్తుంది. సూత్రాలు వల్లించే నోరే రాళ్ళ లెక్క కూడా చూసింది. ఎవరి వంతు ఏ రాయి, ఏ రాతి మీద ఎవరి పేరు, ఏ దిక్కున ఏది నిలపాలి అన్న వివరాలు ఆయన చేతి మీదుగానే నడిచి ఉండాలి. దాతల భక్తిని గురించి చరిత్రకారులు రాసినంతగా ఈ నవకమ్మికుల వ్యవహారదక్షతను గురించి రాయలేదు. వారి దక్షత లేకుంటే అంతమంది చిన్న దాతల రాళ్ళు ఒక వరుసలో నిలిచేవి కావు.

అంశాలుగా ఇచ్చే పద్ధతి చిన్నవారికి మాత్రమే పరిమితం కాలేదని కూడా గమనించాలి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో మహాచైత్యపు ఆయకస్తంభాలు నిలిపారు. వీటిలో అధికభాగం రాజు మేనత్త చాంతిసిరి దానాలు. ఆమె శాంతమూలుని సోదరి, పూకియ వంశపు మహాతలవరుని భార్య. ఇతర అంతఃపుర స్త్రీలు కూడా వీటిలో పాలుపంచుకున్నారు. ఉజ్జయిని నుంచి వచ్చిన మహాదేవి రుద్రధర భట్టారిక ఇచ్చినది ఒక స్తంభం, దానితో 170 దీనార మాషకాలు. రాణి ఇచ్చినా స్తంభమే, చర్మకారుడు ఇచ్చినా పలకే. మొత్తాలలో తేడా ఎంతైనా ఉండవచ్చు. దానాన్ని లెక్కించిన పద్ధతి మాత్రం ఒకటే. దాత పేరు, బంధువుల పేర్లు, వస్తువు పేరు, ఎవరి హితం కోసం ఇచ్చారో ఆ మాట. రాణికి ఒక వాక్యం ఎక్కువ రావచ్చు, అంతే.

ఈ స్తంభశాసనాలలో పలుమార్లు కనబడే తేదీ ఒకటే. ఆరవ సంవత్సరం, వర్షఋతువులో ఆరవ పక్షం, పదవ దినం. ఆనాటి శాసనాలు ఏడాదిని గ్రీష్మ, వర్ష, హేమంతాలనే మూడు ఋతువులుగా, ఒక్కొక్క ఋతువును ఎనిమిది పక్షాలుగా చెబుతాయి. మాసాన్ని పూర్ణిమాంతంగా తీసుకుని, ఆషాఢ పూర్ణిమ మరునాటి నుంచి వర్షఋతువు మొదలైనట్లు లెక్కిస్తే ఆరవ పక్షం ఆశ్వయుజ శుక్లపక్షం అవుతుంది. పదవ దినం ఆశ్వయుజ శుద్ధ దశమి. భిక్షువుల వర్షావాసం ఆషాఢ పూర్ణిమ మరునాడు మొదలై ఆశ్వయుజ పూర్ణిమకు ముగుస్తుంది గనుక, ఈ లెక్కన ఆయకస్తంభాల దానం ప్రవారణకు ఐదు రోజుల ముందు జరిగినట్లు. ఇది లెక్క మాత్రమే. అధికమాసం పడిన ఏడాది అయితే, ఋతువు ఆరంభాన్ని మరో విధంగా గణించే ఆచారమైతే తేదీ జరుగుతుంది. అదే తిథి నేడు విజయదశమి కావడాన్ని బట్టి ఏ సంబంధమూ కల్పించనవసరం లేదు. అయినా చాలామంది దాతలు ఒకే దినాన్ని పేర్కొనడం, ఆ దినం వర్షావాసపు చివరి దశలో పడడం ఉపేక్షించదగిన సంగతి కాదు. కఠిన చీవరదానానికి ఉపాసకులు సిద్ధమయ్యే కాలం అది. పల్లెల నుంచి జనం విహారాల వైపు నడిచే కాలం కూడా.

బోధిసిరి శాసనంతో ఈ లెక్కకు కొంత బలం వస్తుంది. ఆమె ఉపాసిక, గోవగామ నివాసిని, రాజవంశీయురాలు కాదు. వీరపురుషదత్తుని పదునాలుగవ సంవత్సరం, హేమంతంలో ఆరవ పక్షం, పదమూడవ దినం అని ఆమె శాసనం కాలం చెబుతుంది. పై పద్ధతిలోనే లెక్కిస్తే అది మాఘ శుద్ధ త్రయోదశి, మాఘ పూర్ణిమకు రెండు రోజుల ముందు. నేటి థాయిలాండు, లావోస్, కంబోడియాలలో మాఘపూజ జరిగే పూర్ణిమ అదే. ఇక్ష్వాకుల కాలంలో ఆంధ్రదేశంలో మాఘపూజ అనే పండుగ ఉండేదని దీనివల్ల తేలదు. పూర్ణిమా ఉపోసథానికి ముందు రోజులలో దానాన్ని సిద్ధం చేసి రాతిపై ఎక్కించుకోవడం అలవాటై ఉండవచ్చునని మాత్రం రెండు తేదీలూ సూచిస్తాయి.

బోధిసిరి శాసనాన్ని సాధారణంగా తామ్రపర్ణీ థేరులకు చైత్యగృహం కట్టించిన సందర్భంగా చెప్పుకుంటారు. కాశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, యవన, ద్రవిడ, పాలూర, తామ్రపర్ణీ ద్వీపాల జనులను ప్రసన్నులను చేసిన ఆచార్యులని ఆ థేరులను గురించి చెప్పిన జాబితా ప్రసిద్ధం. దాని తరువాత వచ్చే మరొక జాబితాను మాత్రం చదువరులు త్వరగా దాటిపోతారు. అది ఆమె వేర్వేరు చోట్ల ఇచ్చిన దానాల పట్టిక. కులహ విహారంలో చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం. మహాధమ్మగిరిలో ఒక గది. మహావిహారంలో మండపానికి ఒక స్తంభం. దేవగిరిలో ధ్యానసాధనకు ఒక శాల. పూర్వశైలంలో తటాకం, వసారా, మండపం. కంటకసెలలో మహాచైత్యపు తూర్పు వాకిట రాతి మండపం. హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతి మండపం.

ఈ పట్టికలో తటాకం పక్కన స్తంభం ఉంది, ఏడు గదుల పక్కన ఒక్క గది ఉంది. ఇంత ఇవ్వగలిగిన ఉపాసిక మహావిహారంలో ఒక్క స్తంభంతో ఎందుకు సరిపెట్టుకుంది? ఆ మండపంలో మిగిలిన స్తంభాలు ఇతరుల వంతు అయి ఉండాలన్నది సహజమైన సమాధానం. ఏ చోట ఎంత చోటు దొరికితే అంతే ఇచ్చింది. అంతే ఇచ్చానని దాచకుండా చెప్పుకుంది. పెద్దదానిని మాత్రమే రాతిపై ఎక్కించి చిన్నదానిని వదిలివేయాలన్న సంకోచం ఆమెకు లేదు. పైగా ఆ పుణ్యాన్ని తన భర్తకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, బంధువులకు పంచి పేరు పేరునా చెబుతుంది. పేర్ల పట్టిక అంత పొడవుగా ఉండడం వల్లనే ఈ శాసనం ఒక కుటుంబ వంశవృక్షంగా కూడా పనికి వస్తుంది.

ఒకరివల్ల కానప్పుడు కలిసి ఇవ్వడం ఇంతకంటె పాత పద్ధతి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతుకరండాల మీది శాసనాలు మౌర్యానంతర కాలపు లిపిలో ఉన్నాయి. వాటిలో ఒక కరండాన్ని, స్ఫటిక సముద్గాన్ని బుద్ధధాతువులను ఉంచడానికి ఇచ్చినవారు కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. తల్లిదండ్రులకు సొంత పేర్లు చెప్పలేదు. కొడుకు పేరుతోనే వారు గుర్తింపు పొందారు. తెలుగు పల్లెల్లో నేటికీ 'ఫలానావాడి అమ్మ' అని పిలవడం వింటే ఈ శాసనం గుర్తుకు రాక మానదు. మరొక కరండం మీద గోఠి సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. గోఠి అంటే గోష్ఠి. ఒక పని కోసం చేరిన జనసమితి. సీహ గోఠితో కలిపి కుబిరకుడనే రాజు పేరు కూడా చెప్పబడింది. అదే స్తూపంలో దొరికిన స్ఫటికం మీద నందపురానికి చెందిన స్త్రీల దానం, శ్రామణేరుల దానం నమోదయ్యాయి. ఆ స్త్రీలలో ఒక్కరి పేరూ లేదు, 'మాతుగామ' అన్న సమూహవాచకం మాత్రమే ఉంది. పేరు వేయించుకునే పాటి ధనం ఒక్కొక్కరి వద్ద లేకపోయి ఉండవచ్చు, పేరు వేయించుకోవాలన్న కోరిక లేకపోయి ఉండవచ్చు. ఊరి పేరు మాత్రం నిలిచింది.

భిక్షుణుల దానాల వద్ద ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. అమరావతిలో దాతలుగా భిక్షువులు, భిక్షుణులు గణనీయంగా కనిపిస్తారు. రాజగిరిలో నివసించిన బుద్ధరక్షిత అనే భిక్షుణి తన కుమార్తెలతో కలిసి ఇచ్చిన దానం వీటిలో ఒకటి; ఆమె గురువు చైత్యక శాఖకు చెందిన నవకమ్మికుడు. సువర్ణ రజతాలను స్వీకరించరాదన్న నియమం కలవారు రాతి ఖరీదు ఎలా చెల్లించారు? పరివ్రాజకులకు పరిమితి అంటే పేదరికం మాత్రమే కాదు, వినయం విధించిన కట్టడి కూడా. గ్రెగరీ షోపెన్ ఈ శాసనాల ఆధారంగా భారతీయ భిక్షువులకు సొంత ఆస్తి ఉండేదని, వినయగ్రంథాల ఆదర్శచిత్రాన్ని శాసనాలతో సరిపోల్చుకుని చదవాలని గట్టిగా వాదించాడు. ఆ వాదం చాలావరకు నిలుస్తుంది. అయితే పాళీ భిక్షుణీ వినయంలోనే మరొక దారి కనిపిస్తుంది. ఒక ప్రయోజనం కోసం ఉపాసకులు ఇచ్చినదానిని మరొక ప్రయోజనానికి మార్చి వాడిన భిక్షుణికి నిస్సగ్గియ పాచిత్తియ దోషం చెప్పిన నియమాలు వరుసగా ఉన్నాయి. అట్టి నియమం అవసరమైందంటే భిక్షుణులు ఉపాసకుల నుంచి ధర్మకార్యాలకు చందాలు కూడబెట్టేవారన్నమాట. కాబట్టి శాసనంలో భిక్షుణి పేరు ఉన్న ప్రతి చోటా ఆమె సొంత సొమ్మును ఊహించనవసరం లేదు. కొన్నిట ఆమె పుట్టింటి ఆస్తి ఉండవచ్చు. కుమార్తెలతో కలిసి ఇచ్చిన బుద్ధరక్షిత దానం అట్టిదై ఉండే అవకాశం ఉంది. మరికొన్నిట ఆమె పది గడపలు తిరిగి కూర్చిన సొమ్ము ఆమె పేరున రాయిగా మారి ఉండవచ్చు. ఇవ్వడానికి ఏమీ లేనివారు ఇతరుల చేత ఇప్పించడం కూడా దానమేనా అన్న ప్రశ్న భిక్షువులకు కొత్తది కాదు.

సాహిత్యం ఈ ప్రశ్నను మరింత నేరుగా అడిగింది. ధమ్మపద అట్ఠకథలోని ఏకసాటక బ్రాహ్మణుని కథ ఉపాసకులకు సుపరిచితం. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఉన్న పైబట్ట ఒక్కటే. అందుచేత ఒకరు పగలు, మరొకరు రాత్రి ధర్మశ్రవణానికి వెళ్ళవలసి వచ్చింది. రాత్రి వెళ్ళిన భర్తకు ఆ బట్టను బుద్ధునికి ఇవ్వాలన్న కోరిక మొదటి యామంలోనే కలిగింది. ఇస్తే భార్య రేపు రాలేదు, తానూ రాలేడు. రెండవ యామమూ అదే సందేహంలో గడిచింది. మూడవ యామంలో ఇచ్చి, తాను గెలిచానని గట్టిగా అరిచాడు. ప్రసేనజిత్తు ఆ అరుపు విని విచారించి అతనికి సంపద ఇచ్చాడు. కథ చివర ఉన్న మాట కొంత కఠినమైనది. మొదటి యామంలోనే ఇచ్చి ఉంటే పదహారేసి వంతున, మధ్యయామంలో ఇచ్చి ఉంటే ఎనిమిదేసి వంతున వచ్చేవని, ఆలస్యం చేసినందున నాలుగేసి వంతునే వచ్చాయని బుద్ధుడు చెబుతాడు. పేదరికాన్ని ఈ కథ మన్నిస్తుంది గాని తటపటాయింపును మన్నించదు. రెండు యామాలు తటపటాయించడానికి అతనికి కారణం ఉందన్న సంగతి మాత్రం కథకుడు ముందే వివరంగా చెప్పిపెట్టాడు. రేపు ఇంట్లో కట్టుకోవడానికి ఏముంటుందన్న ఆ రాత్రి ఆలోచన ఏ దానశాసనంలోనూ నమోదు కాదు.

దివ్యావదానంలో నగరావలంబిక అనే భిక్షుకి గంజిని మహాకాశ్యపునికి అర్పిస్తుంది. అదే అవదానంలో నిరుపేద స్త్రీ దీపం కథ కూడా వస్తుంది. ఆ గ్రంథంలోనే మరొక చోట అశోకుని అంత్యదశ వర్ణన ఉంది. జంబూద్వీపాన్ని ఏలినవాని ఆజ్ఞలు కోశాగారం దగ్గర చెల్లకుండా పోయాయి. చేతిలో మిగిలినది సగం ఉసిరికాయ. దానినే కుక్కుటారామానికి పంపాడు. అక్కడ దానిని నూరి పులుసులో కలిపి సంఘమంతటికీ వడ్డించారు. పాటలీపుత్రం దగ్గర ఆమలకం పేర ఒక స్తూపం ఉన్నట్లు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసే తెలుగువారికి, ఉసిరికాయ మీద వత్తి వెలిగించే ఇల్లాండ్రకు ఈ కథ చెబితే వేరే వ్యాఖ్య అక్కరలేదు. చక్రవర్తినీ చర్మకారునీ ఒకే తూకంలో పెట్టడానికి అవదానకారుడు చక్రవర్తి చేతిలోనిదంతా ముందు తీసివేయవలసి వచ్చింది.

ధనం, కట్టుబాటు అనే పరిమితులతో పాటు దూరం కూడా దాతలను కట్టివేసింది. ధాన్యకటక శాసనాలలో దాతలు తమ ఊరి పేరు చెప్పుకుంటారు. అక్కడే ఉండేవారు చెప్పనవసరం లేని వివరం అది. ఘంటసాల, అంటే శాసనాల కంటకసెల, టాలెమీ చెప్పిన కంటకోసిల, ఓడరేవు. అక్కడి శాసనంలో సివకుడనే మహానావికుని ప్రస్తావన ఉంది. సముద్రం మీద బతికేవానికి ఉపోసథ దినాలలో విహారంలో ఉండడం సాగదు. రాతి మీద పేరు మాత్రం ఉండగలదు.

బంగాళాఖాతానికి అటువైపు అండమాన్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం ప్రజలకు తెలుగు మాతృభాష. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఇక్ష్వాకుల రాజధాని శ్రీపర్వత విజయపురితో ఆ పేరుకు పోలిక యాదృచ్ఛికమే. ఆ పట్టణంలోని మిడిల్ పాయింట్ వంటి పేటలలో నివసించే తెలుగు కుటుంబాలలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళినవారు ఎక్కువ. వారి పూర్వికుల నేల మీదనే వంశధార ఒడ్డున సాలిహుండం ఉంది, విశాఖ దగ్గర బావికొండ, తొట్లకొండ ఉన్నాయి. సాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినది వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి. విశాఖపట్టణం నుంచి శ్రీవిజయపురానికి ఓడ ప్రయాణం నేటికీ రెండు రోజులకు పైబడుతుంది. పండుగకు ఇంటికి రాలేని కూలీ, చేపల వేటకు వెళ్ళిన కుటుంబం ఊరి గుడికో, ముసలి తల్లికో పంపే సొమ్ము ఏ రాతి మీదా ఎక్కదు. ప్రాచీన నావికుల కుటుంబాలలో కూడా అధికసంఖ్యాకుల సంగతి అంతే అయి ఉంటుంది.

ఇక్కడే శాసనాల హద్దు తెలుస్తుంది. సూచి ఇచ్చినవారి కింద కూడా ఒక మెట్టు ఉంది. నూనె, పూలు, ప్రమిద, అన్నం ఇచ్చినవారిది ఆ మెట్టు. వారి ఆనవాళ్ళు శాసన సంపుటాలలో దొరకవు. త్రవ్వకాలలో దొరికిన మట్టి పాత్రలలో, ప్రమిదలలో, మహాస్తూపం పక్కన వరుసగా వెలసిన చిన్న ఉద్దేశిక స్తూపాలలో వెతకాలి. సాలిహుండంలో అక్షరాలు గీసిన కుండపెంకులు దొరికాయి. ఉత్తరాంధ్ర కొండవిహారాలలో చిన్న స్తూపాలు కొల్లలు. అయినా త్రవ్వకాల నివేదికలలో ధాతుకరండానికి పుటలు పుటలు దక్కుతాయి, ప్రమిదలకు మట్టిపాత్రల అధ్యాయం చివర రెండు పంక్తులు దక్కుతాయి. ఏ ప్రమిద స్తూపపు ప్రదక్షిణపథంలో దొరికింది, ఏది వంటశాలలో దొరికింది, ఏది భిక్షువు గదిలో దొరికింది అన్న వివరం నమోదు కాకపోతే దీపదానాన్ని, దీపపు వాడకాన్ని వేరుచేయడం తరువాతి వారికి అసాధ్యం. రాయి మీద పేరు లేని దాతను గుర్తించడానికి మిగిలిన ఏకైక సాక్ష్యం వస్తువు దొరికిన చోటు. పాత త్రవ్వకాల విషయంలో ఆ సాక్ష్యం చాలావరకు చేజారింది. ఇకపై జరిగే త్రవ్వకాలలోనైనా ప్రమిదకు కరండంతో సమానమైన శ్రద్ధతో స్థాననిర్దేశం చేయాలి.

అమరావతి రాళ్ళ గతి మరీ చెడ్డది. కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర మొదటిసారి చూసేనాటికే వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని కొత్త పట్టణ నిర్మాణానికి దిబ్బలోని రాళ్ళు తరలుతున్నాయి. మెకంజీ రెండవమారు బృందంతో వచ్చి చిత్రాలు గీయించేలోగా చాలా పోయాయి. సున్నపురాయి గనుక కాల్చితే మంచి సున్నం అయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తీయించినవి మద్రాసు చేరి, కొన్నేళ్ళు ఎండలో వానలో ఉండి, 1859లో లండను ప్రయాణం కట్టాయి. తరువాత సీవెల్, బర్జెస్, రే త్రవ్వినవి మద్రాసు ప్రదర్శనశాలకు చేరాయి. సున్నపు బట్టీలో కాలినవాటిలో ఎన్ని సూచులు, ఎంతమంది విధికులు ఉన్నారో లెక్క కట్టే మార్గం లేదు.

మిగిలినవాటిలో విరిగిన ముక్కలే అధికం. కొన్నిటి మీద దాత పేరు పోయి 'దానం' అన్న మాట మాత్రమే ఉంది. మరికొన్నిటి మీద 'సభర్యకుడై', 'సపుత్రకుడై' అన్న విశేషణాలు మిగిలి, ఎవరి భార్య, ఎవరి పుత్రులు అన్న విశేష్యం విరిగిపోయింది. చెన్నైలో ఉన్న ముక్కకు లండనులో ఉన్న ముక్క జత కావచ్చు. పగిలిన అంచులను కొలిచి, లిపిని, రాతి పొరలను పోల్చి చూస్తే కొన్ని పేర్లు తిరిగి అతుక్కునే అవకాశం ఉంది. శిల్పం బాగున్న ఫలకాలకు ఈ పని చాలావరకు జరిగింది. అడ్డకమ్ములకు, కప్పురాతి చెక్కలకు, పద్మం సగం అరిగిపోయిన మామూలు ముక్కలకు ఇంకా జరగవలసి ఉంది. ఒక సూచి మాత్రమే ఇవ్వగలిగినవారి పేర్లు ఉన్నది వాటి మీదనే.